రాత్రి తొమ్మిదిన్నర ఫోను

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. ఏడాదిగా గుండెదడ, తెల్లవారుజామున మూడింటికి మెలకువ. ఈసీజీ, థైరాయిడ్, రక్తపరీక్షలు అన్నీ నార్మల్. ఇది నరాల వ్యవస్థ అదుపు తప్పడం, అంటే నెర్వస్ సిస్టమ్ డిస్‌రెగ్యులేషన్ అనీ, 90 రోజుల్లో తగ్గుతుందనీ వీడియోల్లో చెప్పారు. ఐదు నెలలుగా భస్త్రిక (వేగంగా గాలి పీల్చి వదిలే ప్రాణాయామం) చేస్తున్నా, వేళ్లు తిమ్మిర్లెక్కడం తప్ప మార్పు లేదు. రోజూ రాత్రి తొమ్మిదిన్నరకి అమ్మ ఫోన్ చేసి వదిన మీద చెప్పుకుంటుంది, తర్వాత అన్నయ్యకి నేను సర్దిచెప్పాలి. మందుల షాపులో ఇచ్చిన, ఆందోళన తగ్గించే మాత్ర అల్‌ప్రజోలం రెండు నెలలుగా వేసుకుంటున్నా. ఇంకా ఎన్నాళ్లు పడుతుంది?

– ఒక సోదరి, గుంటూరు

జవాబు: ఆ 90 రోజుల మాట వదిలేయండి. మీరు చెప్పిన పేరుతో డాక్టర్లు జబ్బు నిర్ధారించరు, ఇక దానికి గడువెక్కడిది? ఆందోళన జబ్బని తేలితే మాత్రం కొంత లెక్క ఉంది. సీబీటీ కౌన్సెలింగ్ (ఆలోచనల తీరు, అలవాట్లు మార్చుకునే మాటల చికిత్స) వారానికొకటి చొప్పున 12 నుంచి 16 సార్లు. మందులు రాస్తే గుణం కనిపించడానికి 2 నుంచి 6 వారాలు, తగ్గాక కూడా కనీసం ఆర్నెల్లు వాడమంటారు.

నా కన్ను ఆగింది తొమ్మిదిన్నర దగ్గర. పొద్దున ప్రాణాయామం, రాత్రి పంచాయితీ! సరిగ్గా ఒళ్లు నెమ్మదించాల్సిన వేళకి రోజూ దాన్ని తగువుకి నిలబెడుతున్నారు. అమ్మ బాధ వినడం కూతురి ధర్మమే, కాదనను. దాన్ని అన్నయ్య ఇంటికి మోసుకెళ్లడం ధర్మం కాదు. ఆడపడుచు నోటి వెంట వచ్చిన ప్రతిసారీ ఆ మాట వదినకి ముల్లులా గుచ్చుకుంటుంది, చివరికి ఆ ఇంట్లో మాట పడేది అమ్మే. (మీ వదిన మీద నాకు జాలేసింది సుమా.)

ఇకనుంచి ఫోన్ మీరే చెయ్యండి, సాయంత్రం అయిదింటికి, 20 నిమిషాలు. తిన్నావా, మోకాళ్లెలా ఉన్నాయి, బీపీ బిళ్ల వేసుకున్నావా, అన్నీ అడగండి. వదిన మాటెత్తితే, "అది అన్నయ్యకే చెప్పమ్మా" అనండి. తొమ్మిదిన్నరకి మోగితే ఎత్తకండి. అత్యవసరమైతే అన్నయ్య చేస్తాడు. మొదటి రెండు మూడు వారాలు ఫోన్లు పెరుగుతాయి, "పెళ్లయ్యాక పరాయిదానివైపోయావ్" అన్న మాటా వస్తుంది. మీలాంటి చాలామంది నాలుగో రోజే మెత్తబడి ఫోన్ ఎత్తేస్తారు. గట్టిగా ఏడిస్తే పని జరుగుతుందని అవతలివాళ్లకి అలవాటయ్యేది అప్పుడే.

భస్త్రిక ఆపండి. వేగంగా గాలి పీల్చి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి తిమ్మిర్లు, దడ పెరుగుతాయి. ముక్కుతో 4 అంకెలు లెక్కపెట్టేంతసేపు లోపలికి, 6 అంకెలు లెక్కపెట్టేంతసేపు బయటికి, పది నిమిషాలు చాలు. మూడింటికి మెలకువొస్తే గడియారం చూడకండి, ఎంతకీ నిద్ర పట్టకపోతే లేచి కూర్చోండి. మధ్యాహ్నం రెండు దాటాక టీ వద్దు.

అల్‌ప్రజోలం మాత్రం సొంతంగా ఆపొద్దు. రెండు నెలల తర్వాత ఒక్కసారిగా మానేస్తే దడ మరింత పెరగొచ్చు, ఫిట్స్ కూడా రావచ్చు. ఆ స్ట్రిప్పు పట్టుకుని సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లండి, మెల్లగా తగ్గించే పద్ధతి ఆయన చెబుతారు. ఈలోగా ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఈ ఆదివారం అన్నయ్యని కలిసి, వదిన కూడా ఉండగా, "అమ్మ మాటలు ఇక నా ద్వారా రావు, నువ్వే పక్కన కూర్చుని విను" అని చెప్పి రండి.