ప్రొటీన్‌ను అటూ ఇటూ తిప్పి చూడాలంటే

ప్రశ్న: అనంతపురంలో బీఎస్సీ బయోటెక్నాలజీ చదువుతున్నాను. పుస్తకంలో హీమోగ్లోబిన్ బొమ్మ చూస్తే ఏ గొలుసు ఎక్కడుందో అర్థం కావడం లేదు. 3డీలో చూసే వీలుందా?

ఉంది, అదీ ఉచితంగా. ప్రొటియోపీడియా అని వెతకండి. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు మొదలుపెట్టిన విజ్ఞాన సర్వస్వం అది. వికీపీడియాలాగే పదిమంది కలిసి రాస్తారు, కాకపోతే రాసేవాళ్లు అసలు పేరుతోనే ఖాతా తెరవాలి. నాకు బాగా నచ్చిన నియమం ఇది.

వ్యాసం పక్కనే ప్రొటీన్ బొమ్మ ఉంటుంది. మౌస్‌తో పట్టుకుని ఎటైనా తిప్పొచ్చు. వ్యాసంలో ఆకుపచ్చగా ఉన్న మాటను నొక్కితే, ఆ మాట చెప్పే భాగం కనబడేలా బొమ్మ మారుతుంది. మీకు పనికొచ్చేది ముఖ్యంగా ఇదే.

హీమోగ్లోబిన్‌లో రెండు ఆల్ఫా, రెండు బీటా గొలుసులు (అమైనో ఆమ్లాల వరుసలు), ఒక్కోదాని మడతలో ఒక హీమ్ (ఆక్సిజన్‌ను పట్టుకునే భాగం), దాని నడుమ ఇనుము పరమాణువు ఉంటాయి. ఇవి గుర్తుపట్టాక 2హెచ్‌బీఎస్ (2HBS) అనే పీడీబీ (ప్రొటీన్ డేటా బ్యాంక్) కోడ్‌తో అక్కడే వెతకండి. అది సికిల్ సెల్ జబ్బులోని హీమోగ్లోబిన్. బీటా గొలుసు 6వ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ అనే మరో అమైనో ఆమ్లం ఉంటుంది. అది అణువు బయటి ముఖం మీద ఉంది కాబట్టే, హీమోగ్లోబిన్ ఆక్సిజన్ వదిలేశాక పక్క అణువు గుంటలో ఇరుక్కుంటుంది. అలా ఒకదానికొకటి అతుక్కుని పొడవాటి పోగులవుతాయి, ఎర్రకణం కొడవలిలా వంగిపోతుంది. ఎంత చదివినా బుర్రకెక్కని ఈ సంగతి, బొమ్మ తిప్పితే ఇట్టే తెలిసిపోతుంది.

కోడ్ పేజీల్లో చాలావాటికి వివరణ తక్కువ. ముందు హీమోగ్లోబిన్ వ్యాసమే చదవండి. ఫోన్ కన్నా కాలేజీ ల్యాబ్ కంప్యూటర్ నయం.