ఆవు దవడ గడ్డ మూడు నెలల పాతది, చొంగ నాలుగు రోజుల కొత్తది

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. నాలుగు ఈతల హెచ్‌ఎఫ్ క్రాస్ ఆవు, ఇప్పుడు ఆరు నెలల చూడి. పూటకు మూడు లీటర్లు ఇస్తా ఉంది. మూడు నెలల కింద ఎడమ దవడ మీద నిమ్మకాయంత గడ్డ లేచింది, ఇప్పుడు చీనీకాయంత అయింది. రాయి మాదిరి గట్టిగా ఉంది. నాలుగు రోజులుగా చొంగ కారతా ఉంది, మేత ముట్టడం లేదు, అరుపు కూడా బొంగురుపోయింది. ఏమైనా ఇరుక్కుందేమోనని నేనూ మా అబ్బాయీ నోట్లో చేయి పెట్టి చూశాం, ఏమీ దొరకలేదు. గొట్టంతో నువ్వుల నూనె పోశాం. తెలిసినాయన నొప్పికి ఇంజెక్షన్ వేశాడు. ఇది క్యాన్సరేనా? వాత పెడితే గడ్డ కరుగుతుందని మా మామ అంటున్నాడు, పెట్టించమంటారా?

జవాబు: గడ్డ సంగతి కాసేపాగి చెబుతాను. ముందు మీరూ మీ అబ్బాయీ చేతులు చూసుకోండి. గోళ్ళ పక్కన చీలికలు, గడ్డి కోసేటప్పుడు కొడవలి గీసుకున్న గాట్లు, ఆవు పళ్ళు గీరుకున్న చారలు ఏమైనా ఉన్నాయా? ఉన్నా, కంటికి కనబడకపోయినా, సబ్బుతో పదిహేను నిమిషాలు పారే నీళ్ళ కింద కడుక్కుని ఈరోజే ఇద్దరూ ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళండి. చొంగ కారుతున్న ఆవు నోట్లో చేయి పెట్టామని చెప్పండి. కుక్క కరవలేదు కదా అని అక్కడ ఎవరైనా అంటే, ఆవుకు రేబిస్ అనుమానం ఉందని పశువైద్యుడు రాశాడని ఈ జవాబు చూపించండి.

మీ ఆవుకు పిచ్చి రోగమే అని నేను అనడం లేదు. చూడకుండా ఆ మాట ఎవరూ అనకూడదు. కానీ పెద్ద పశువుకు చొంగ, మేత మానేయడం, అరుపు మారడం ఈ మూడూ ఒకేసారి వస్తే, కాదని తేలేవరకూ రేబిస్ కిందే లెక్కవేయమని మాకు నేర్పారు. ఆ జబ్బులో గొంతు కండరాలు పడిపోతాయి. పశువు మింగలేదు, ఊరిన లాలాజలమంతా బయటికి కారుతుంది. చూసేవాళ్ళకు అచ్చం గొంతులో ఏదో అడ్డం పడినట్టే ఉంటుంది. అందుకే అందరూ చేయి పెట్టేస్తారు. కుక్క కరిచింది చూడలేదే అంటారేమో. రాత్రి కొట్టంలో కరిచి పోయిన కుక్కను ఎవరు చూస్తారు? వెంట్రుకల కింద చిన్న పంటి గాటు మానిపోతుంది, జబ్బు వారాల తర్వాతో నెలల తర్వాతో బయటపడుతుంది.

నేను మండలంలో పనిచేసిన రోజుల్లో ఒక ఇంటి నుంచి కబురొచ్చింది, ఆవుకు మామిడి టెంక ఇరుక్కుందని. నేను వెళ్ళేసరికే ఇంట్లో నలుగురూ, పక్కింటాయనా వంతులవారీగా చేతులు పెట్టి వెతికేశారు. టెంక లేదు. మర్నాడు సాయంత్రం ఆ ఆవు కట్టుగుంజను పొడవడం మొదలుపెట్టింది, మూడో రోజు చచ్చిపోయింది. మెదడు ముక్కను ల్యాబ్‌కి పంపితే రేబిస్ అని వచ్చింది. ఐదుగురినీ పీహెచ్‌సీ బల్ల మీద వరసగా కూర్చోబెట్టి టీకాలు వేస్తుంటే, ఆ ఇంటి పెద్దావిడ తలుపు దగ్గర నిలబడి, 'నేను చేయి పెట్టలేదు సార్, చొంగ కొంగుతో తుడిచానంతే' అంది. ఆమె వేళ్ళు బట్టలుతికి పగిలిపోయి ఉన్నాయి. ఆమెకూ వేయించాం. ఆరుగురూ క్షేమంగా ఉన్నారు, టైముకు వెళ్ళారు కాబట్టి.

మనిషికి లక్షణాలు మొదలయ్యాక ఈ జబ్బుకు వైద్యం లేదనే చెప్పాలి. టీకా మాత్రం ముందే వేసుకుంటే కాపాడుతుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మంలోకి వేసే టీకా మొదటి రోజున, తర్వాత 3, 7, 28 రోజుల్లో వేస్తారు. రెండు సూదులు వేయించుకుని పొలం పనుల్లో పడి మిగతావి వదిలేసేవాళ్ళను చూస్తూనే ఉన్నాను, మీరు ఆ పని చేయకండి. చర్మం పగిలిన చోట చొంగ తగిలి ఉంటే టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ (వెంటనే రక్షణ ఇచ్చే తయారు యాంటీబాడీల మందు) కూడా కావాల్సి రావచ్చు, అది అక్కడి డాక్టరు చూసి నిర్ణయిస్తారు. ఆవు బతుకుతుందా చస్తుందా చూసి వేయించుకుందాం అని మాత్రం ఆగొద్దు.

ఇక ఆవు. మిగతా పశువులకు దూరంగా విడిగా కట్టండి. మూతి దగ్గరికి ఎవరూ పోవద్దు, పిల్లల్ని అసలు రానివ్వొద్దు. పశువైద్య సేవల నంబరు 1962కి ఫోన్ చేసి మూడు లక్షణాలూ చెప్పండి, నోట్లో చేయి పెట్టిన సంగతి కూడా దాచకుండా చెప్పండి. పాలు ఇంట్లో వాడకండి, కేంద్రానికీ పోయకండి. నష్టమే, తెలుసు. డాక్టరు చూసి తేల్చేవరకూ తప్పదు. ఒకవేళ ఆవు పోతే కోయడం, తోలు తీయడం లాంటివి చేయనివ్వకండి.

రేబిస్ కాకపోయే వీలు కూడా బాగానే ఉంది. గాలికుంటులో చొంగ తీగలు తీగలుగా కారుతుంది, నాలుక మీద బొబ్బలుంటాయి, గిట్టల మధ్య పుండ్లుంటాయి, జ్వరం ఉంటుంది. నాలుక ఉన్నట్టుండి వాచి కొయ్యలాగా బిరుసెక్కే జబ్బు ఒకటుంది, దానికి మందు త్వరగా పనిచేస్తుంది. వేరుశనగ కట్టె పుల్లో, తీగ ముక్కో చెంపలో గుచ్చుకోవచ్చు. పురుగుమందు కొట్టిన గడ్డి మేసినా చొంగ కారుతుంది. దవడ గడ్డ వల్లనే లోపల దంతాలు కదిలి నమలలేకపోవచ్చు. ఇవన్నీ చేతికి గ్లవ్స్ వేసుకుని, నోరు తెరిచి ఉంచే మౌత్ గ్యాగ్ పెట్టి, టార్చ్ వేసి డాక్టరు తేల్చాల్సినవి.

గొట్టం మాట కూడా చెప్పాలి. మింగలేని పశువుకు గొట్టంతో నూనె పోస్తే అది పొట్టలోకి పోదు, ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. చొంగ కారుతున్నదంటే మింగడం లేదేమోనని అనుమానించాలి కదా. తల పైకెత్తి, నాలుక బయటికి లాగి పట్టుకుని పోసి ఉంటే మరీ ప్రమాదం. అసలు జబ్బు తగ్గి, నూనె వల్ల వచ్చిన న్యుమోనియాతో చచ్చిపోయిన పశువుల్ని చూశాను. దగ్గు, ఎగశ్వాస, ముక్కు నుంచి చీమిడి ఉన్నాయేమో గమనించి డాక్టరుకు చెప్పండి. ఇకమీద ఏమీ పోయకండి, అల్లం రసం కూడా వద్దు.

ఆ 'తెలిసినాయన' ఏ ఇంజెక్షన్ వేశాడో కనుక్కోండి, ఖాళీ సీసా ఉంటే పారేయకుండా తీసుకురండి. అది డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు అయితే పశువులకు ఆ మందును మన దేశంలో 2006లోనే ఆపేశారు. ఆ మందు పడి చనిపోయిన పశువుల కళేబరాలు తిని రాబందులు అంతరించే స్థితికి వచ్చాయి. మనుషుల షాపులో కొని పశువులకు పొడిచేవాళ్ళు ఇంకా ఉన్నారు. మీది చూడి ఆవు. చూడి పశువుకు ఏది పడితే అది వేయించడం నాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం.

ఇప్పుడు గడ్డ. దవడ ఎముకకు అంటుకుని, కదిలిస్తే కదలకుండా, రాయిలా గట్టిగా, నెమ్మదిగా పెరిగే గడ్డ అంటే నాకు ముందు తట్టేది లంపీ జా. లంపీ స్కిన్‌తో కలిపేసుకోవద్దు, పేరొక్కటే దగ్గర, జబ్బు వేరు. దీన్ని కలిగించే ఆక్టినోమైసిస్ బ్యాక్టీరియా మామూలుగా పశువు నోట్లోనే ఉంటుంది. గరుకు కట్టె, కంప ముల్లు చిగురును చీల్చినప్పుడు, కొత్త పళ్ళు వచ్చేటప్పుడు ఎముకలోకి దిగుతుంది. ఎముక లోపల తొలుచుకుపోతుంది, బయటికి ఉబ్బుతుంది. కొన్నాళ్ళకు పగిలి తేనెలాంటి జిగట చీము వస్తుంది. ఆ చీమును గాజుపలక మీద పరిచి వేలితో రుద్దితే బొంబాయి రవ్వలాగా పసుపు పచ్చని పలుకులు తగులుతాయి. మా విద్యార్థులకు మైక్రోస్కోప్ కన్నా ముందు అదే చూపిస్తాం.

క్యాన్సరేనా అని అడిగారు. మీ భయం కొత్తదేమీ కాదు, పూర్వం వైద్యులు కూడా దీన్ని ఎముక క్యాన్సర్ అనే అనుకునేవారు. 1877లో జర్మనీలో బోలింగర్ అనే పాథాలజిస్టు ఇలాంటి ఆవు దవడ చీములో కిరణాల్లా విచ్చుకున్న సూక్ష్మజీవిని గుర్తించాకే అసలు సంగతి తేలింది. ఆవుల నోట్లో నిజమైన క్యాన్సర్ అరుదు. మన నాటు ఎద్దుల్లో కొమ్ము క్యాన్సర్ దానికన్నా ఎక్కువ చూస్తాం. అరుదంటే అసలు రాదని కాదు. పంటి వేరు కింద చీముగడ్డ కావచ్చు, ఎముక కంతి కావచ్చు. దవడ కింద మెత్తగా ఉండి వేలితో నొక్కితే గుంట పడితే అది వేరే కథ, కాలేయపు జలగల వల్ల నీరు చేరడం. మీరు రాయిలా ఉందన్నారు కాబట్టి అది కాదనుకుంటున్నాను. ఎక్స్‌రే తీసి, సూదితో లోపలి పదార్థం తీసి పరీక్షిస్తే తేలుతుంది. చొంగ సంగతి తేలి, రేబిస్ లేదని నమ్మకం కుదిరాకే తిరుపతి పశువైద్య కళాశాలకు తీసుకెళ్ళండి. అంతకుముందు బండెక్కించకండి.

వాత మాత్రం వద్దు. మీ మామగారి మీద గౌరవంతోనే చెబుతున్నాను. జబ్బు ఎముక లోపల ఉంది, వాత కాల్చేది పై చర్మాన్ని. గడ్డ కరగదు. కాలిన పుండులో ఈగలు వాలి పురుగు పడుతుంది, చూడి ఆవు ఆ నొప్పికి మరింత మేత మానేస్తుంది. కత్తితో కోసి చీము తీస్తామనేవాళ్ళనూ దగ్గరికి రానివ్వకండి.

లంపీ జా అని తేలితే అయోడైడ్ మందులు, యాంటీబయాటిక్స్ వాడతాం. డోసు ఇక్కడ రాయను. రాస్తే ఎవరో ఒకరు మెడికల్ షాపులో చూపించి కొంటారు. అయోడైడ్ చూడి ఆవులో ఈసుకుపోయే (గర్భస్రావమయ్యే) ప్రమాదం ఉందని జాగ్రత్తగా ఆలోచించి ఇవ్వాల్సిన మందు, అందుకే ఆరో నెల చూడి అని డాక్టరుకు మొదటి మాటగా చెప్పండి. మందు వేసినా ఉబ్బిన ఎముక పూర్తిగా అణగకపోవచ్చు. పెరగడం ఆగి, ఆవు హాయిగా నమిలితే మేము దాన్ని విజయమే అనుకుంటాం. నిమ్మకాయంత ఉన్నప్పుడే చూపించి ఉంటే పని చాలా తేలికయ్యేది. మూడు నెలలు రోజూ పాలు పిండుతూ దాని పక్కనే కూర్చున్నారు కదా. కోపంతో అనడం లేదు, ఇకమీదైనా గడ్డ కనబడిన వారంలోనే రండి.

ఇంట్లో కుక్క, పిల్లి ఉన్నవాళ్ళకు కూడా ఒక మాట. పైన చెప్పిన 'అరుదు' వాటికి వర్తించదు. పదేళ్ళ కుక్క చిగురు మీద నల్లటి కంతి, అన్ని పళ్ళూ గట్టిగా ఉండి ఒక్క పన్ను మాత్రం కదలడం, పీకిన చోట పుండు మానకపోవడం, నోటి వాసనతో పాటు చొంగలో రక్తపు చార, ఇవి కనబడితే టూత్‌పేస్ట్ కొనకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. కుక్కల నోట్లో ఎక్కువగా వచ్చే క్యాన్సర్ మెలనోమా, అది దవడ కింది గ్రంథులకూ ఊపిరితిత్తులకూ త్వరగా పాకుతుంది. నల్లగా లేకుండా కూడా రావచ్చు. పిల్లుల్లో నాలుక కింద చూడాలి. పిల్లికి మాత్రం పారాసెటమాల్ ఒక్క మాత్ర కూడా ఇవ్వకండి, చంపేస్తుంది.

బయట కేసు ఎదురుచూస్తోంది. సోమవారంలోగా రెండు సంగతులు రాయండి: ఆవును చూసిన డాక్టరు ఏమన్నారు, మీరూ మీ అబ్బాయీ మొదటి సూది ఏ రోజు వేయించుకున్నారు. రెండోది ముందు రాయండి.