పాత బ్యాంకు వదిలితే 175 పౌండ్లు, మరి తిరకాసు ఎక్కడ?

పోయిన నెల ఈ పేజీలో యూకేలో బ్యాంకు అకౌంట్ మారితే చేతికి డబ్బులిస్తారని ఊరికే రెండు లైన్లు రాశా, అంతే, మెయిల్స్ మీద మెయిల్స్. సగం మంది నమ్మలేదు, మిగతా సగం మంది నాకెందుకు రాలేదని గొడవ. నేనిక్కడికి వచ్చి తొమ్మిదేళ్ళు, ఆరుసార్లు మారా, ఐదుసార్లు డబ్బొచ్చింది, ఒకసారి నా తెలివితక్కువ వల్ల పోయింది, అది కూడా కింద చెప్తా.

మావాడు రెడింగ్‌లో ఉద్యోగం. ఏడాదిలో మూడు బ్యాంకులు మార్చాడట, మారినప్పుడల్లా పదిహేను ఇరవై వేలు వచ్చాయంటాడు. నేను 31 ఏళ్ళు టీచరుగా చేశా, బ్యాంకు వాడు ఊరికే రూపాయి ఇవ్వడం ఎప్పుడూ చూడలేదు. ఇందులో మోసమేమీ లేదు కదా? – గుంటూరు నుంచి ఒక రిటైర్డ్ టీచర్

మాస్టారూ, మోసం కాదు, అలాగని పుణ్యానికి ఇచ్చేదీ కాదు, చేపకి ఎర వేసినట్టే. ఇక్కడ కరెంట్ అకౌంట్ అంటే మన దగ్గర షాపుల వాళ్ళకుండే కరెంట్ అకౌంట్ అనుకునేరు, కాదు, జీతం పడే మామూలు అకౌంటే. అందులో పడున్న డబ్బుకి చాలా బ్యాంకులు వడ్డీ ఇవ్వవు లేదా నామమాత్రంగా ఇస్తాయి, అంటే బ్యాంకుకి అది చవగ్గా దొరికే సొమ్ము. పైగా జీతం ఎక్కడ పడితే క్రెడిట్ కార్డు, ఇంటి లోను కూడా అక్కడే తీసుకుంటాడని వాళ్ళ ఆశ. ఇక్కడి జనం ఒకసారి తెరిచిన అకౌంట్‌ని అంత తేలిగ్గా వదలరు, కాలేజీలో తెరిచిన అకౌంట్‌తోనే రిటైరైపోయే వాళ్ళున్నారు, వాళ్ళని కదిలించాలంటే ఏదో ఒకటి చేతిలో పెట్టాలి కదా.

2008లో బ్యాంకులు కుప్పకూలాక గవర్నమెంటు ఒక కమిషన్ వేసింది, అది 2011లో రిపోర్ట్ ఇస్తూ జనం బ్యాంకు మారడం సులువు చేయండి అంది, దాంతో 2013 సెప్టెంబర్లో కరెంట్ అకౌంట్ స్విచ్ సర్వీస్ వచ్చింది. మన ఫోన్ నంబర్ పోర్టింగ్ లాంటిదే అనుకోండి, కాకపోతే నంబర్ మారుతుంది. కొత్త బ్యాంకుకి ఒక్క మాట చెప్తే చాలు, 7 వర్కింగ్ డేస్‌లో బ్యాలెన్స్, కరెంటు బిల్లు గ్యాస్ బిల్లు కట్ అయ్యే డైరెక్ట్ డెబిట్లు, మనం చెప్పిన తారీఖుకి చెప్పినంత పంపే స్టాండింగ్ ఆర్డర్లు మొత్తం వాళ్ళే లాక్కుంటారు, పాత అకౌంట్ మూతపడుతుంది. ఆ తర్వాత ఎవరైనా పొరపాటున పాత నంబర్‌కి డబ్బు వేసినా 3 ఏళ్ళ పాటు కొత్తదానికి వచ్చేస్తుంది. మధ్యలో ఏదైనా తేడా వచ్చి ఫైన్ పడితే బ్యాంకే వెనక్కిస్తుంది. ఇప్పటికి ఇలా మారినవి కోటి దాటాయి, మీవాడొక్కడే కాదు.

ఒక్క విషయం మాత్రం మీవాణ్ణి అడగండి. ఇక్కడ మన స్టూడెంట్స్ చుట్టూ కొందరు తిరుగుతుంటారు, నీ అకౌంట్‌లోకి కొంత డబ్బొస్తుంది, అది ఫలానా వాడికి పంపు, నీకు 200 ఇస్తాం అని. వినడానికి ఇదీ అదీ ఒకేలా ఉంటుంది, కానీ అది దొంగసొమ్ము మోసే పని, దొరికితే అకౌంట్లు మూసేస్తారు, పేరు మీద పడ్డ ఫ్రాడ్ మార్క్ 6 ఏళ్ళ దాకా ఉండొచ్చు, ఇంకే బ్యాంకూ గుమ్మం ఎక్కనివ్వదు. స్విచ్ బోనస్ ఇచ్చేది కొత్త బ్యాంకు మాత్రమే, ఎవరి డబ్బో మన అకౌంట్‌లోకి రావాల్సిన అవసరం అందులో ఎక్కడా లేదు.

కొత్త అకౌంట్ తెరిచా, జీతం మార్పించా, డైరెక్ట్ డెబిట్లన్నీ ఒక్కొక్క కంపెనీకి ఫోన్ చేసి నేనే మార్చుకున్నా, రెండు రోజులు పట్టింది. మూడు నెలలైంది 175 పౌండ్లు రాలేదు, అడిగితే మీరు స్విచ్ అవలేదు అంటున్నారు. ఇంకెలా అవ్వాలి? – లెస్టర్ నుంచి పాఠకురాలు

అయ్యో. అన్నీ చేశారు గానీ చేయాల్సిన ఆ ఒక్క పనీ చేయలేదండీ. ఇల్లు మారేటప్పుడు సామాను మీరే మోసుకుంటే ప్యాకర్స్ వాళ్ళ కూపన్ పనిచేస్తుందా? ఆ డబ్బు కొత్త అకౌంట్ తెరిచినందుకు కాదు, పాతదాన్ని ఆ సర్వీస్ ద్వారా పూర్తిగా మూయించినందుకు. యాప్‌లో ఫుల్ స్విచ్ అని అడుగుతుంది, అది నొక్కితేనే లెక్క, పాతది మూయకుండా మారే పార్షియల్ స్విచ్ అని ఇంకోటి ఉంటుంది, దానికి మామూలుగా పైసా రాదు.

కంప్లైంట్ పెట్టొచ్చు, వాళ్ళకి 8 వారాలు టైముంటుంది, ఆ జవాబు నచ్చకపోతే 6 నెలల్లోపు బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే ఫైనాన్షియల్ ఆంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళొచ్చు, పైసా ఖర్చు లేదు. కానీ మీ కేసులో గెలుస్తారని నేననుకోను, కండిషన్లలో స్విచ్ సర్వీస్ అన్న మాట కచ్చితంగా ఉండే ఉంటుంది. మీకు మిగిలిన మంచి ఏంటంటే పాత అకౌంట్ ఇంకా బతికే ఉంది కదా, దాన్ని పారేయకండి. జీతం పడే అకౌంట్‌ని అలాగే ఉంచి, ఆ ఖాళీ అకౌంట్‌ని వేరే బ్యాంకుకి స్విచ్ చేయండి. ఆరితేరిన వాళ్ళంతా చేసేది ఇదే, అసలు అకౌంట్ కదలదు, పక్కన ఒక డమ్మీ అకౌంట్ బ్యాంకు బ్యాంకూ తిరుగుతూ ఉంటుంది. చాలా ఆఫర్లు రెండు డైరెక్ట్ డెబిట్లు, ఫలానా రోజుల్లో వెయ్యో పదిహేనొందలో డిపాజిట్ అడుగుతాయి, అది జీతమే అయ్యుండాలని చాలాచోట్ల రూల్ లేదు, మీ డబ్బే వేసి మర్నాడు తీసుకున్నా సరిపోతుంది.

ఇక నా కథ. ఫిబ్రవరిలో మారా, రెండు డైరెక్ట్ డెబిట్లు కావాలన్నారు, ఫోన్ బిల్లు ఒకటి, కౌన్సిల్ టాక్స్ (మన ఇంటి పన్ను లాంటిది) ఒకటి ఉన్నాయి కదా అనుకున్నా. కౌన్సిల్ టాక్స్ మామూలుగా ఏప్రిల్ నుంచి జనవరి దాకా పది వాయిదాలు, ఫిబ్రవరి మార్చి ఖాళీ! ఆ బ్యాంకు లెక్కలో డబ్బు కట్ అయితేనే డైరెక్ట్ డెబిట్, ఊరికే లిస్టులో ఉంటే కాదు. 150 పౌండ్లు పోయాయి, ఇప్పటికీ ఫిబ్రవరి వస్తే గుర్తొస్తుంది. తర్వాత నుంచి నెలకో పౌండ్ పోయే చారిటీ ఒకటి పెట్టుకున్నా, పుణ్యం పురుషార్థం రెండూ.

ఇంకోటి, ఒకే గ్రూపులో బ్యాంకులు చూసుకోండి. లాయిడ్స్, హాలిఫాక్స్, బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్ ఒకే ఇంటివి, నాట్‌వెస్ట్, రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్ ఒకే ఇంటివి, ఫస్ట్ డైరెక్ట్ అంటే హెచ్‌ఎస్‌బీసీదే. బోర్డులు వేరైనా అన్నదగ్గర తీసుకున్న వాడికి తమ్ముడు ఇవ్వకపోవచ్చు.

వచ్చే ఏడాది ఐఎల్ఆర్ (ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) అప్లై చేయాలి, అదయ్యాక ఇల్లు కొనాలనుంది. ఇప్పుడు స్విచ్ చేస్తే ఏమన్నా ఇబ్బందా? – పేరు రాయొద్దన్నారు, మిల్టన్ కీన్స్

చేయొచ్చు గానీ ముందు ఒక పని, పాత బ్యాంకు స్టేట్‌మెంట్లన్నీ పీడీఎఫ్‌లుగా దించుకోండి. అకౌంట్ మూతపడిన రోజున యాప్ కూడా మూతపడుతుంది, తర్వాత వాళ్ళకి ఫోన్ చేసి కాగితాలు పోస్ట్‌లో తెప్పించుకోవడం నరకం. జీతం పడినట్టు పేస్లిప్పుకి జతగా స్టేట్‌మెంట్ చూపించాల్సి వస్తుంది, సగం నెలలు ఒక బ్యాంకువి సగం ఇంకోదానివి అయినా తప్పులేదు, చేతిలో ఉంటే చాలు. భార్యని పిలిపించుకునే పనుండి 28 రోజులు డబ్బు నిలిపి చూపించాల్సి వస్తే మాత్రం ఆ 28 రోజులూ అకౌంట్ జోలికి పోకండి, 175 కోసం వీసాతో ఆటలొద్దు.

ఇల్లు సంగతికొస్తే, కొత్త అకౌంట్ తెరిచిన ప్రతిసారీ క్రెడిట్ ఫైల్‌లో, అంటే మన అప్పుల చరిత్ర ఉండే రికార్డులో, బ్యాంకు చూసినట్టు ఒక గుర్తు పడొచ్చు, కనీసం ఏడాది కనిపిస్తుంది. ఒకటీ అరా అయితే ఏం కాదు, వరసగా నాలుగు కనిపిస్తే లోను ఇచ్చేవాడు వీడికి డబ్బులకి కటకటేమో అనుకుంటాడు. లోన్‌కి ఆరు నెలల ముందు నుంచీ నోరు కట్టేసుకోండి. ఇంకా కార్డు నంబర్ ఇచ్చి కట్టే సబ్‌స్క్రిప్షన్లున్నాయే, సినిమాల యాప్‌లు, కొన్ని జిమ్‌లు, అవి మీ వెంట రావు. డైరెక్ట్ డెబిట్ వేరు, కార్డు పేమెంట్ వేరు, కొత్త కార్డు నంబర్ మీరే ఇచ్చుకోవాలి.

మాకు అమెరికాలో 300 డాలర్లు అంటున్నారు, ఇదే పద్ధతా? – డాలస్

కాదు. మీ దగ్గర ఇలాంటి ఏడు రోజుల సర్వీస్ లేదు, బిల్లులన్నీ మీరే మార్చుకోవాలి. ఎక్కువ ఆఫర్లు కంపెనీ నుంచి జీతం డైరెక్ట్ డిపాజిట్‌గా పడాలంటాయి, ఆరు నెలల్లోపు మూసేస్తే ఇచ్చింది వెనక్కి లాగేసే బ్యాంకులున్నాయి, మినిమమ్ బ్యాలెన్స్ లేకపోతే నెలనెలా ఫీజు. పైగా ఆ బోనస్‌ని వడ్డీ లాగే లెక్కేసి 1099-ఐఎన్‌టీ ఫారం పంపిస్తారు, టాక్స్ కట్టాలి. ఫీజు, టాక్స్ తీసేశాక ఎంత మిగులుతుందో కాగితం మీద వేసుకుని అప్పుడు దిగండి.

జాయింట్ అకౌంట్ ఉంది. మా ఆయనకి చెప్పకుండా నేను మార్చేసి ఆ డబ్బు నా పేరు మీదకి తెచ్చుకోవచ్చా? – హౌన్స్‌లో

కుదరదమ్మా. జాయింట్ అకౌంట్ కదలాలంటే ఇద్దరూ ఒప్పుకోవాలి, పైగా జాయింట్ నుంచి ఒక్కరి పేరు మీదకి ఈ పద్ధతిలో మారదు. ఒక్కరి పేరు మీదున్నది జాయింట్‌లోకి మాత్రం మారొచ్చు, కాబట్టి ఆ సంగతి మీ ఆయనకి ముందే తెలిసిపోకుండా చూసుకోండి.