చిట్టెలుకకూ మంచినీటి ఆల్చిప్పకూ పోలిక ఏమైనా ఉందా?

ఉంది. మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాలువ కింద పొలాల్లో రెండింటినీ చూడవచ్చు: వరి గట్టు బొరియలో చిట్టెలుక, కాలువ బురదలో ఆల్చిప్ప. ఎలుకకు వెన్నెముక ఉంది. ఆల్చిప్పకు అసలు తలే లేదు.

అయినా రెండింటికీ గుండె ఉంది! నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచేది ఇదే. ఎలుక గుండెకు నాలుగు గదులు. నిమిషానికి 500 సార్లకు పైగానే కొట్టుకుంటుంది. అంత చిన్న ఒంట్లో వేడి నిలవాలంటే ఆ వేగం తప్పదు, తిండీ తరచూ కావాలి. ఆల్చిప్ప గుండెకు మూడే గదులు, పేగు చివరి భాగం దాని మధ్య నుంచే వెళ్తుంది. దాని ఒంటి వేడి నీటిని బట్టి మారుతుంది కనుక తొందర లేదు. మొప్పలతో నీటిని వడగట్టి సన్నని నాచు తింటుంది. అలా నీరూ తేటపడుతుంది.

ఎలుక దాదాపు మూడు వారాలు మోసి, పిల్లలను కని, పాలిస్తుంది. ఆల్చిప్ప పిల్లలు మాత్రం చేపల మొప్పలకో రెక్కలకో అంటుకుని కొన్నాళ్లు పెరిగి, ఆ తర్వాతే బురదలోకి జారతాయి. అందుకే చేపలు లేని చెరువులో వాటి సంతతి నిలవదు.