యువ రచయితకు లేఖ: పత్రికలన్నిటికీ ఒకే కొలబద్ద పనికిరాదు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. అమెరికా పత్రికలు నిష్పాక్షికమైనవనీ, ఇటలీ పత్రికలు పార్టీల బాకాలనీ మొదటి పేరాలోనే తేల్చేశావు. అంత తొందర కూడదు.

ఇటలీ కమ్యూనిస్టు నాయకుడు గ్రాంశీ 1924లో స్థాపించిన ‘లూనితా’ దశాబ్దాలపాటు ఇటలీ కమ్యూనిస్టు పార్టీ అధికార పత్రికగా నడిచింది. ఆ సంగతి పాఠకుడికి తెలియకపోవడం కాదు, తెలిసే కొనేవాడు. అమెరికాలోనో, 1830ల నుంచి ఒక్క సెంటుకే అమ్ముడైన పత్రికలు ప్రకటనల ఆదాయం మీద బతకడం మొదలుపెట్టాయి గనుక, ఏ పార్టీవాడినీ దూరం చేసుకోని తటస్థ స్వరం వృత్తిధర్మంగా స్థిరపడకముందే వ్యాపారావసరం కూడా అయింది.

అలాగని మార్కెట్ ఎక్కడైనా తటస్థతనే పుట్టిస్తుందని రాయకు. హాలిన్, మన్చీని అనే పరిశోధకులు 2004లో పాశ్చాత్య దేశాల మాధ్యమ వ్యవస్థలను మూడు నమూనాలుగా విభజించి, బ్రిటన్‌నూ అమెరికానూ ఒకే గూటిలో పెట్టారు. అయితే 1992 బ్రిటన్ ఎన్నికల్లో కన్సర్వేటివ్ పార్టీ గెలవగానే ఆ గెలుపు తన చలవేనని అక్కడి ‘సన్’ పత్రిక మొదటి పేజీలోనే చాటుకుంది. అది ప్రకటనల మీదా అమ్మకాల మీదా బతికే పత్రికే కదా! వర్గీకరణలో సరిగ్గా ఇమడని ఇలాంటి చోటనే వ్యాసానికి ప్రాణం ఉంటుంది. నువ్వేమో దాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు.

స్వీడన్ పత్రికలు సర్కారు సాయం తీసుకున్నాయి గనుక సర్కారు గొంతుకలేనని రాసి అక్కడా పొరబడ్డావు. సర్కారు సొమ్ము తిన్న పత్రిక సర్కారు పాటే పాడుతుందన్న అనుమానం సహజమే. కానీ 1971 తర్వాత అక్కడ ఇచ్చిన నిర్వహణ సాయం ప్రధానంగా ఆయా ప్రాంతాల్లో పోటీలో వెనకబడిన పత్రికలకు, భిన్న రాజకీయ స్వరాలు మూగబోకూడదన్న ఉద్దేశంతో, నిర్ణీత ప్రమాణాల ప్రకారం అందింది. చైనా కమ్యూనిస్టు పార్టీ అధికార పత్రిక ‘పీపుల్స్ డైలీ’ సంగతి వేరు: పార్టీ నాయకుల పేర్లు ఏ వరసలో వచ్చాయో చూసి హోదాలు గ్రహించే పాఠకులు దానికి ఉన్నారు.

ఇక పనిలోకి దిగు. ఒకే రోజు, ఒకే మంత్రి ప్రకటన మీద వచ్చిన వార్తలు పక్కపక్కన పరుచుకుని క్రియాపదాల కింద గీతలు గీయి. ‘వివరించారు’, ‘సమర్థించుకున్నారు’, ‘బుకాయించారు’: మాట ఒకటే, తీర్పులు మూడు. నేనూ ఒకప్పుడు ఇరుపక్షాలకు దక్కిన పంక్తులు లెక్కపెట్టి, సరిసమానంగా ఉన్నాయి గనుక వార్త సమతూకంగా ఉందని రాశాను. సంపాదకుడు ఎర్ర సిరాతో ఒక్క ప్రశ్న రాసి తిప్పి పంపారు: ‘చివరి మాట ఎవరిది?’ ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది.

బ్రిటన్ గురించిన పేరా తిరగరాసి పంపు. మిగతాది ఆ తర్వాత చూద్దాం.