మరి ఎవర్ని తీసేద్దాం?

మిల్వాకీ,
డిసెంబరు 2025

అమ్మాయ్,

నీ బేస్‌బాల్ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి కబ్స్ మీద నీ కోపానికి నవ్వుకుంటూ, రెండోసారి పెన్సిలు పట్టుకుని. చికాగోలో ఉద్యోగం వచ్చింది కాబట్టి ఆ ఊరి జట్టు కబ్స్‌కి అభిమానివయ్యావు, అది నీ తప్పు కాదు. గంటన్నర ఇవతల మా ఊళ్ళో వచ్చి ఉంటే మా జట్టు బ్రూయర్స్ పిల్లవయ్యేదానివి. మొన్న అక్టోబరు 11న మన ప్లేఆఫ్ సిరీస్ ఐదో మ్యాచ్‌లో మిమ్మల్ని 3-1తో ఓడించి ఇంటికి పంపాం గనక, ఈ చలికాలమంతా నీకు సలహాలిచ్చే హక్కు నాదే.

ముందు చిన్న విషయం. బంతి విసిరే పిచర్‌ని ‘విసురుగాడు’ అనీ, తర్వాత విసరబోయేవాళ్ళు సిద్ధమయ్యే బుల్‌పెన్‌ని ‘ఎద్దుల దొడ్డి’ అనీ రాశావు. తల్లీ, వద్దు. క్రికెట్ రాసేటప్పుడు వికెట్‌కి మనమేమైనా నామకరణం చేస్తున్నామా? కొడుకు లిటిల్ లీగ్, అంటే పిల్లల బేస్‌బాల్, ఆడుతుంటే కంచె పక్కన మడత కుర్చీ వేసుకుని, ఎప్పుడు చప్పట్లు కొట్టాలో తెలీక పక్కావిడ చేతుల వంక చూసే తల్లి టెక్సస్ ఫ్రిస్కోలో ఉంది, న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉంది. నీ పాఠకురాలు ఆవిడే. పేర్లు ఆవిడకి వచ్చు, పిల్లాడు రోజూ చెవిలో ఊదుతూనే ఉంటాడు. బాగా ఆడేవాణ్ణి ఎందుకు వదులుకున్నారు, అస్తమానం దెబ్బలు తినేవాణ్ణి ఎందుకు పెట్టుకున్నారు, అది ఆవిడకి అంతుబట్టదు. దాని గురించి రాయి.

ఇక అసలు సంగతి. నీ వ్యాసంలో ఫలానావాణ్ణి తీసుకురావాలి, ఫలానావాణ్ణి పైకి పిలవాలి అని తొమ్మిది చోట్ల ఉంది. లెక్కపెట్టాను. ఎవర్ని తీసెయ్యాలో ఒక్కచోటా లేదు. మేజర్ లీగ్ జట్టులో ఏ రోజైనా ఇరవై ఆరు మందే ఉంటారు, అందులో పిచర్లు పదముగ్గురు దాటకూడదు. దాని వెనక, ఆ ఇరవై ఆరుగుర్నీ కలుపుకుని, నలభై మంది జాబితా ఒకటి. సెప్టెంబరులో ఆ ఇరవై ఆరు ఇరవై ఎనిమిదవుతుంది, అంతే. నేనేం చేస్తానంటే, రాయబోయే ముందు ఒక పాత కవరు వెనక ఇరవై ఆరు పేర్లూ పెన్సిలుతో రాసుకుంటాను. కొత్త పేరు రాయాలనిపిస్తే ముందు రబ్బరు తీసుకుని ఒకటి చెరపాలి. చెరిపేటప్పుడు చెయ్యి ఎక్కడ ఆగుతుందో చూసుకో. వ్యాసం అక్కడ మొదలవుతుంది. మనవాళ్ళంతా రాసేది పెళ్ళికి ఎవర్ని పిలవాలో మాత్రమే. భోజనాల బంతిలో ఎవరి ఆకు తీసెయ్యాలో రాసేవాళ్ళు నాకింకా కనబడలేదు.

ఆరో పేరాలో చూడు. ‘రోజూ పరుగులు సమర్పించుకునే ముసలి రిలీవర్ని అట్టేపెట్టుకుని, నిప్పులు చెరిగే కుర్రాణ్ణి ఐయోవాకి పంపారు, బుర్ర ఉందా?’ అన్నావు. ఉంది. రిలీవర్ అంటే ఆట మధ్యలో వచ్చే పిచర్, ఐయోవా అంటే మీ కింది స్థాయి జట్టు. ఆ కుర్రాడికి ఆప్షన్లు ఉన్నాయి. అంటే మూడు సీజన్ల పాటు అతన్ని కిందికి పంపినా వేరే జట్టు ఎగరేసుకుపోలేదు. 2022 నుంచి సీజన్‌కి ఐదుసార్లకి మించి అలా పంపకూడదని హద్దు పెట్టారనుకో, అంతకు ముందు అదీ లేదు. ముసలాయనకి ఆప్షన్లు అయిపోయాయి. ఆయన్ని కదపాలంటే డీఎఫ్ఏ (డిజిగ్నేట్ ఫర్ అసైన్‌మెంట్) చెయ్యాలి, అంటే నలభై మందిలోంచి పేరు కొట్టెయ్యాలి. ఏడు రోజుల్లో ఎవరికైనా ట్రేడ్ చెయ్యడమో, వేవర్ల మీద, అంటే కావలసిన జట్టు తీసుకునేలా, వదిలెయ్యడమో తేలాలి. ఏప్రిల్లో చెయ్యి విరిగినవాళ్ళు ఇద్దరుంటే జూన్‌లో ఆ ముసలి చెయ్యే దిక్కు. అందుకని మంచివాణ్ణి పంపి మామూలువాణ్ణి ఉంచుతారు. నువ్వు దీన్ని తప్పు అనొచ్చు, నేనూ చాలాసార్లు అన్నాను. కానీ ఆప్షన్ల మాట ఎత్తకుండా అంటే మాత్రం అది తిట్టు, అభిప్రాయం కాదు.

కుర్రాడి వైపు నుంచి కూడా ఒక్క వాక్యం రాయి. 2023లో మేజర్ లీగ్‌లో కనీస జీతం ఏడాదికి 7,20,000 డాలర్లు. మేజర్ లీగ్‌కి ఒక్క మెట్టు కింద ట్రిపుల్-ఏలో ఆడుతూ, నలభై మందిలో లేని ఆటగాడికి అదే ఏడాది కనీసం 35,800. చెరిపిన పేరుకీ రాసిన పేరుకీ మధ్య ఉన్న దూరం అదీ. మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ప్రాజెక్టు పోతే బెంచి మీద కూర్చోబెడతారే, అలాంటిదే, కాకపోతే ఈ బెంచి నాష్‌విల్‌లో ఉంటుంది. మా బ్రూయర్స్ ట్రిపుల్-ఏ జట్టు అక్కడే.

ఇప్పుడు టక్కర్ దగ్గరికి వద్దాం. 2024 డిసెంబరులో కబ్స్ హ్యూస్టన్ నుంచి కైల్ టక్కర్ని తెచ్చి, ఇసాక్ పరేడెస్, హేడెన్ వెస్నెస్కీ, క్యామ్ స్మిత్‌లని ఇచ్చారు. టక్కర్ కాంట్రాక్టులో మిగిలింది ఒక్క సీజన్. ‘ఒక్క ఏడాది ముచ్చటకి ముగ్గుర్ని ధారపోశారు’ అని నీ బాధ. వాక్యం బాగుంది. కానీ దాన్ని నువ్వు ఈ నవంబరులో కూర్చుని రాశావు. టక్కర్ చేతి ఎముకలో సన్న పగులు ఉందని బయటపడ్డాక, పిక్క పట్టేశాక, మా చేతిలో మీరు ఓడాక రాశావు. ట్రేడ్ రోజున ఇవేవీ లేవు కదా. ఆ రోజున ఉన్నది వేరు. నాలుగేళ్ళుగా పోస్ట్‌సీజన్ (సీజన్ అయ్యాక జరిగే నాకౌట్ పోటీలు) మొహం చూడని జట్టు, అదే ఏడాది డ్రాఫ్టులో (కొత్త కుర్రాళ్ళని జట్లు వంతులవారీగా ఎంచుకునేది) మొదటి రౌండులో పద్నాలుగో పిక్‌గా తీసుకున్న పిల్లాడు స్మిత్, కింది స్థాయి మైనర్ లీగుల్లో ఆడింది మొత్తం 32 మ్యాచ్‌లు. ఆ బల్ల మీద ఉన్న కాగితాలు ముందు నాకు చూపించు, ఆ తర్వాత తిట్టు. ఆ వరసలో రాస్తే నీ కోపానికి బలం వస్తుంది. లేదంటే చేతులు కాలాక ఆకులు పట్టుకునేవాళ్ళ జాబితాలో నువ్వూ ఒకదానివి.

ఇంతకన్నా ఘోరంగా నేనే రాశాను. 2022 ఆగస్టు 1. బ్రూయర్స్ డివిజన్‌లో మొదటి స్థానంలో ఉన్నారు. ఆ రోజున మా క్లోజర్ జాష్ హేడర్‌ని శాన్ డియేగోకి ఇచ్చేశారు. బదులుగా టేలర్ రోజర్స్, డినెల్సన్ లమెట్, ఎస్టెయూరీ రూయిజ్, రాబర్ట్ గాసర్ వచ్చారు. గెలుస్తున్న జట్టులో తొమ్మిదో ఇన్నింగ్స్‌కి తాళం వేసేవాణ్ణి అమ్ముకోవడమేమిటని ఆ రాత్రే కూర్చుని పన్నెండు పేజీలు రాశాను. ‘ముక్కూ మొహం తెలియని రూయిజ్’ అని ఒక్క ముక్కతో అతన్ని దాటేశాను. వారం తిరక్కుండానే లమెట్‌ని డీఎఫ్ఏ చేసేశారు. దానితో చంకలు గుద్దుకుని ఇంకో నాలుగు పేజీలు. ఆటగాళ్ళు కూడా తమ అసంతృప్తి దాచుకోలేదు. సీజన్ చివరికి మాకు 86 విజయాలు. పోస్ట్‌సీజన్‌కి మిగిలిన ఆఖరి వైల్డ్ కార్డ్ చోటు దక్కిన ఫిల్లీస్‌కి 87. వాళ్ళు ఏకంగా ఫైనల్, వరల్డ్ సిరీస్ దాకా వెళ్ళారు. నా పదహారు పేజీలు అక్షరాలా నిజమయ్యాయని ఊరంతా పంచాను.

డిసెంబరులో మూడు జట్ల మధ్య ఒక ట్రేడ్ జరిగింది. ఆ ముక్కూ మొహం తెలియని రూయిజ్ ఓక్లండ్‌కి పోయాడు, అట్లాంటా నుంచి విలియం కాంట్రెరాస్ మాకొచ్చాడు. క్యాచర్. 2023లోనూ 2024లోనూ సిల్వర్ స్లగర్, అంటే తన స్థానంలో అందరికన్నా బాగా కొట్టేవాడికిచ్చే బహుమతి. మొన్న ఐదో మ్యాచ్‌లో మొదటి ఇన్నింగ్స్‌లో మీవాడి బంతిని స్టాండ్స్‌లోకి కొట్టింది ఎవరో నీకు నేను గుర్తు చెయ్యనక్కర్లేదనుకుంటాను. రూయిజ్ ఆ 2022లో మైనర్ లీగుల్లో 85 బేసులు దొంగిలించాడు, అంటే ఎవరూ బంతి కొట్టకుండానే పరిగెత్తి ముందు బేసు చేరాడు. వేరే జట్లు అతని మీద కన్నేస్తాయని ఊహించడానికి నాకు ఐదు నిమిషాల చదువు చాలేది. చదవలేదు.

అలాగని ఆగస్టులో నేను రాసింది తప్పని ఒప్పుకోను. ఆ సీజన్ పోయింది, అది తిరిగి రాదు. కాంట్రెరాస్ వచ్చాడు కదా అని ఆ ఒక్క గెలుపు తేడా చెరిగిపోదు. తప్పల్లా రూయిజ్ మీద నేను రాయని పేరా. ఆ పన్నెండు పేజీలు ఇప్పటికీ చింపలేదు, తేదీతో సహా ఉన్నాయి. నువ్వు కూడా రాసిన ప్రతిదాని పైనా తేదీ వెయ్యి. తర్వాత దిద్దకు. కింద ఇంకో తేదీ వేసి ఇంకో పేరా రాయి.

ఇంకో ట్రేడ్ చెప్తాను, ఇది నువ్వు స్కూల్లో ఉన్నప్పటిది. 2008 జులైలో క్లీవ్‌లండ్ నుంచి సీసీ సబాథియాని తెచ్చుకున్నాం. సీజన్ అయ్యాక వెళ్ళిపోతాడని అందరికీ తెలుసు. మిల్వాకీ మొత్తం లీగ్‌లోకెల్లా చిన్న టీవీ మార్కెట్, అంత డబ్బు మేం ఇవ్వలేం. మ్యాట్ లపోర్టా అనే పేరున్న కుర్రాణ్ణీ, ఇంకొందర్నీ ఇచ్చాం. ‘తర్వాత పేరు చెప్పబడే ఆటగాడు’ అని కాగితం మీద ఒక ఖాళీ కూడా వదిలారు. సబాథియా ఇక్కడ 17 మ్యాచ్‌లు మొదలుపెట్టి 11 గెలిచి, రెండు ఓడాడు. ఏడు మ్యాచ్‌లు మొదటి బంతి నుంచి చివరి బంతి దాకా తనే వేశాడు.

సెప్టెంబరు 28, ఆదివారం, ఆఖరి రోజు. ఎదురుగా మీ కబ్సే. నేనూ మీ పిన్నీ పార్కింగ్ లాట్‌లో సాసేజీలు కాల్చేవాళ్ళ మధ్య స్టీలు డబ్బాలో పులిహోర తిని లోపలికెళ్ళాం. నాలుగు రోజులు విశ్రాంతి తీసుకోవలసిన సబాథియా, మూడు రోజులకే బంతి పట్టుకోవడం వరసగా అది మూడోసారి. ఎనిమిదో ఇన్నింగ్స్ దాకా 1-1. మా బ్రౌన్ రెండు పరుగుల హోమర్ (బంతి కంచె దాటే దెబ్బ) కొట్టాడు, 3-1తో ముగిసింది. ఆట అయిపోయినా జనం కదల్లేదు. న్యూయార్క్‌లో మెట్స్ ఓడితేగానీ మాకు చోటు లేదు, అది పెద్ద తెర మీద వేశారు. ఫ్లోరిడా మీద మెట్స్ 4-2తో ఓడిన క్షణాన నా వెనక కూర్చున్న ముసలాయన ఏమీ అనకుండా తన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇరవై ఆరేళ్ళ తర్వాత పోస్ట్‌సీజన్. నాకు చప్పట్ల మోతకన్నా ఆ టోపీయే గుర్తు.

మొదటి రౌండులోనే పోయాం. సబాథియా ఏడేళ్ళకి 161 మిలియన్లకి యాంకీస్‌కి వెళ్ళాడు. లపోర్టా తేలిపోయాడు. ఆ ఖాళీలో తర్వాత రాసిన పేరు మైకేల్ బ్రాంట్లీ, ఏడో రౌండులో తీసుకున్న కుర్రాడు. ఐదుసార్లు ఆల్ స్టార్ అయ్యాడు, ఒక్కసారీ మా చొక్కా వేసుకుని కాదు. లెక్క కడితే క్లీవ్‌లండ్‌ది పైచెయ్యి. మళ్ళీ చేస్తావా అంటే చేస్తాను, ఆ మధ్యాహ్నం కోసమే చేస్తాను. అందుకే టక్కర్ విషయంలో నీతో నాకు పడదు. మీవాళ్ళ స్థానంలో నేనుంటే నేనూ ఇచ్చేవాణ్ణి. నీకు అలా అనిపించకపోతే ఎందుకు అనిపించదో స్మిత్ గురించి ఒక పేజీ రాసి నన్ను ఒప్పించు. నీ వ్యాసంలో అతని పేరు ఒక్కసారే ఉంది, అదీ కామాల మధ్య.

కబ్స్ దానివి గనక క్రిస్ బ్రయంట్ సంగతి నీకు కంఠతా ఉండాలి. సర్వీస్ టైమ్ (మేజర్ లీగ్‌లో గడిపిన రోజుల లెక్క) అనే మాట వినగానే జనం ఆవలిస్తారు, కానీ అతని కథ చెప్తే వింటారు. ఏడాది అంటే 172 రోజులు, ఆరేళ్ళు నిండితే ఫ్రీ ఏజెంట్, అంటే నచ్చిన జట్టుకి పోవచ్చు. 2015లో సీజన్ మొదలైన కొద్ది రోజులకి, ఏప్రిల్ 17న, అతన్ని పైకి పిలిచారు. ఏడాది చివర లెక్క చూస్తే 171. ఒక్క రోజు తక్కువ. ఫ్రీ ఏజెన్సీ ఒక ఏడాది వెనక్కి జరిగింది. అతను ఫిర్యాదు చేస్తే 2020లో కొట్టేశారు. 2016లో వరల్డ్ సిరీస్ ఆఖరి బంతిని పట్టి, కాలు జారుతున్నా నవ్వుతూ మొదటి బేసుకి విసిరింది కూడా ఆ మనిషే. ఆ నవ్వు దగ్గర మొదలుపెట్టి 171 దగ్గరికి రా. ఆ ఫ్రిస్కో తల్లి సెల్లు పక్కన పెడుతుంది.

ఐపీఎల్‌తో పోలిక పెట్టావు, సరే, కానీ ఒక్కచోట సరిదిద్దు. అక్కడ జట్లన్నిటికీ పర్సు ఒకటే. ఇక్కడ జీతాలకి పై హద్దు లేదు, దాటితే పన్ను కడతారు, డబ్బున్నవాళ్ళు కట్టేసి కూర్చుంటారు. ఒహ్టాని అనే ఆటగాడికి లాస్ ఏంజెలెస్ జట్టు డాడ్జర్స్ రాసిచ్చిన 700 మిలియన్లలో 680 పదేళ్ళ తర్వాత ఇచ్చేవే. వేలంపాట బుద్ధితో ఈ ఆటని చూస్తే మిల్వాకీ ఎందుకు హేడర్‌ని అమ్ముకుందో ఎప్పటికీ అర్థం కాదు.

అంకెల గురించి అడిగావు. పేరాకి ఒకటి చాలు, అదీ పాఠకురాలు వేళ్ళ మీద లెక్కపెట్టుకోగలిగేది.

రేపు తిరగరాసేటప్పుడు నీకో పని. మా ఐదో మ్యాచ్‌లో మూడు పరుగులూ మూడు హోమర్లే. కాంట్రెరాస్ ఎలా వచ్చాడో చెప్పాను. రెండోది కొట్టిన ఆండ్రూ వాన్, మీ ఊరి వైట్ సాక్స్ 2019లో మూడో పిక్‌గా తీసుకుని, ఈ ఏడాది ట్రిపుల్-ఏకి తోసేసినవాడు. జూన్‌లో మా పిచర్ సివాలేని ఇచ్చి తెచ్చుకుంటే నేనే పెదవి విరిచాను. మూడోది టురాంగ్, మేం 2018లో మొదటి రౌండులో తీసుకుని పెంచుకున్నవాడు. ఈ ముగ్గురి కోసం ఎవరెవరి పేర్లు చెరిపారో వెతికి, ఒక కవరు వెనక రాసి పంపు. ఆ తర్వాత నీ కబ్స్ గురించి రాయి.

నేనిది రాసే ఈ 2025 డిసెంబరు నాటికి టక్కర్ ఎక్కడా సంతకం పెట్టలేదు. పెట్టేదాకా ఆగకు. ఉంచుకోవాలా వదిలెయ్యాలా ఈ వారమే రాసెయ్, పైన తేదీ వెయ్యి. ఉంచుకోవాలంటే ఆ డబ్బుకి ఎవర్ని వదులుకుంటావో కూడా.

వేసవిలో కబ్స్ ఇక్కడికొచ్చినప్పుడు రా. నీలం చొక్కా వేసుకొచ్చినా పిన్ని పులిహోర పెడుతుంది. పెన్సిలు నీది నువ్వే తెచ్చుకో, నాది ఎవరికీ ఇవ్వను.

ఉంటాను,
బాబాయ్