స్పీడోమీటర్ ముల్లు ఊగుతుంటే ముందు కేబుల్ చూడండి

ప్రశ్న: మా నాన్నగారు కొన్న అంబాసిడర్ కారును ఇప్పటికీ నడుపుతున్నాను. కొంతకాలంగా స్పీడోమీటర్ ముల్లు నిలకడగా ఉండడం లేదు. బండి 40లో వెళ్తున్నా అది 20కీ 60కీ మధ్య ఊగుతోంది. డ్యాష్‌బోర్డు వెనుక టిక్‌టిక్‌మని చప్పుడు కూడా వస్తోంది. కిలోమీటర్ల అంకెలు మాత్రం సరిగానే తిరుగుతున్నాయి. పాత మీటరు తీసేసి ఎలక్ట్రానిక్ మీటరు పెట్టించుకోమని మెకానిక్ అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: దయచేసి ఆ మీటరును తీసేయించకండి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి లోపం మీటరులో కాక కేబుల్‌లో ఉండడానికే ఎక్కువ అవకాశం ఉంది. గేర్‌బాక్స్ వెనుక భాగంలోని చిన్న పళ్లచక్రం కేబుల్ లోపలి తీగను తిప్పుతుంది, ఆ తీగ మీటరులోని అయస్కాంతాన్ని తిప్పుతుంది. ఆ అయస్కాంతం పక్కనున్న అల్యూమినియం గిన్నెను తాకకుండానే అందులో విద్యుత్ ప్రవాహాలు పుట్టించి తనతోపాటు లాగుతుంటే, ఒక సన్నని స్ప్రింగు దాన్ని వెనక్కి పట్టి ఉంచుతుంది. ముల్లు ఉండేది ఆ గిన్నెకే. గ్రీజు ఎండిన తొడుగులో తీగ పట్టేసి, మెలిపడి, ఒక్కసారిగా వదులుతుంటే అయస్కాంతం వేగం క్షణక్షణం మారి ముల్లు ఊగుతుంది. అంకెలు తీగ తిరిగిన మొత్తం చుట్లనే లెక్కిస్తాయి కనుక వాటిలో తేడా కనిపించదు.

మీటరు వెనుక నట్టు విప్పి లోపలి తీగను బయటికి లాగండి. కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి, చదునైన షాబాదు బండ మీద దొర్లించండి. వంకర ఉన్నచోట అది ఎగిరెగిరి పడుతుంది. వంకర ఉన్నా, పోగులు లేచినా కొత్త తీగ వేయవలసిందే, సాగదీసి సరిచేస్తే నిలవదు. తీగ గేరు ఆయిల్‌తో తడిసి వస్తే గేర్‌బాక్స్ దగ్గరి సీలు పోయిందని అర్థం, దాన్నీ మార్పించండి. గ్రీజును పలుచగా పూసి, మీటరు వైపు చివర 15 నుంచి 20 సెంటీమీటర్ల మేర పూయకుండా వదిలేయండి. మన నల్లగొండ ఎండలకు కరిగిన గ్రీజు తీగ వెంట పైకి పాకి మీటరులోకి చేరిందంటే, అప్పుడు నిజంగానే మీటరు విప్పవలసి వస్తుంది. తిరిగి బిగించేటప్పుడు కేబుల్ వంపు ఎక్కడా 15 సెంటీమీటర్ల వ్యాసార్థం కన్నా బిగువుగా లేకుండా చూడండి. ఎంత మంచి తీగైనా బిగువు వంపులో పట్టేస్తుంది.

ఆ తర్వాత నార్కట్‌పల్లి దగ్గర జాతీయ రహదారి ఎక్కి, గడియారం పట్టుకొని ఒకరిని పక్కన కూర్చోబెట్టుకోండి. ముల్లు 60 మీద నిలకడగా ఉన్నప్పుడు ఒక కిలోమీటరు రాయి నుంచి తర్వాతి రాయికి సరిగ్గా 60 సెకన్లు పట్టాలి.

ప్రశ్న: మా ప్రీమియర్ పద్మినిలో ముల్లూ కదలడం లేదు, అంకెలూ తిరగడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: రెండూ ఒకేసారి ఆగాయంటే చాలావరకు మీటరుకు చలనమే అందడం లేదన్నమాట. చదునైన చోట ముందు చక్రాలకు గట్టిగా అడ్డుపెట్టి, న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ వదిలి, ఒక వెనుక చక్రాన్ని జాకీతో లేపించండి. మీటరు దగ్గర కేబుల్ ఊడదీసి ఆ చక్రాన్ని చేత్తో తిప్పిస్తే, తీగ కొస తిరిగితే లోపం మీటరులో ఉన్నట్టు, తిరగకపోతే తీగ తెగినట్టు లేదా గేర్‌బాక్స్‌లోని పళ్లచక్రం అరిగినట్టు. తీగ తెగి ఉంటే కొత్తది వేసే ముందు మీటరు ఇరుసు తేలికగా తిరుగుతోందో లేదో తప్పక చూడండి; అది బిగుసుకుపోయి ఉంటే కొత్త తీగనూ తెంచేస్తుంది.